సీసా

కాలేయం పాడైందంటే
బాలానగర్‌లో ఎవరూ రెండో ప్రశ్న వేయరు.
"ఎన్నేండ్ల సంది తాగుతున్నవ్ అన్నా?"
టీ కొట్టు దగ్గర గాలయ్య అడిగాడు.
ముట్టనే లేదన్నాను.
నా మాటకన్నా నా కళ్లలోని పసుపే
అతనికి నమ్మకంగా కనిపించింది.

నిజమే, సీసాతోనే వచ్చింది.
కాకపోతే అది తలకిందులుగా వేలాడిన సీసా.
తొంభై రెండు, వానాకాలం,
లేత్ చక్ నా కుడి చొక్కా చేతిని పట్టి
మోచేతి దాకా లాక్కున్న రోజు.
ఆస్పత్రి గేటు బయట
రక్తం అమ్ముకునేవాళ్లు గోడ నీడన కూర్చునేవాళ్లు.
మా ఫోర్‌మన్ దస్తగిరి నూట యాభై చేతిలో పెట్టి
ఒకణ్ణి లోపలికి తోలుకొచ్చాడు.
పేరు అడగలేదు. గ్రూపు కలిసింది, చాలు.

తర్వాత ముప్పై ఏళ్లు చప్పుడు లేదు.
బేరింగులో ఇసుక రేణువు పడితే
కళ్లు మూసుకుని చెప్పగలను నేను.
నా లోపల అరుగుతున్నది మాత్రం
వినపడలేదు.

ఒక తెల్లవారుజామున వాష్‌బేసిన్ నల్లగా నిండింది.
గొంతులోంచి గొట్టం దించి
ఉబ్బిన నరాలకు రబ్బరు బ్యాండ్లు వేశారు,
మా మనవరాలు బొమ్మ జడలకు వేసినట్టు.
పక్కటెముకల మధ్య మిషను ఆనించి
డాక్టర్ ఫర్హీన్ అంకె చదివింది: ఇరవై ఎనిమిది.
"గట్టిపడింది" అంది, నా వైపు చూడకుండా.
మా షెడ్డులో అది పొగడ్త.
కత్తికీ డ్రిల్లుకీ గేరు పళ్లకీ
నిప్పులో కాల్చి, నూనెలో ముంచి
మేం తెచ్చిపెట్టే గుణం.

"మందు మానేసినవా మరి?" గాలయ్య.
"లేదు, ఇవాళే మొదలుపెట్టిన."

రోజుకొక మాత్ర. సీసాకి ఇరవై ఎనిమిది.
మూడు సీసాలు.
వాటికి తోడు వేరే గుళికలు,
అవి పురుగుతో పాటు రక్తాన్నీ తింటాయట.
ఆరో వారానికి రెండో అంతస్తు
చార్మినార్ అంత ఎత్తయింది.
తగ్గకపోతే రక్తం ఎక్కించాలేమో అన్నారు.
నేను మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు.
ఫర్హీన్ నా చేతి కేసి చూసి,
కుట్లు పడ్డ ఆ పాత మచ్చ కేసి చూసి,
గుళికల్లో ఒకటి తగ్గించి రాసింది.

బాలామణి తనూ ఉప్పులేని పప్పే తింది.
ఏమీ అనలేదు.
మొహం పెట్టింది, అంతే, మూడు నెలలూ.

మందు ఆపిన పన్నెండు వారాలకు
కాగితం వచ్చింది. కనబడలేదు, అని ఉంది.
"పోయిందా? అయితే ఉప్పేస్త" అని లేచింది బాలామణి.
"ఆగమ్మా" అంది డాక్టరమ్మ,
"పురుగు పోయింది. మచ్చ ఉంది.
కొంచెం మెత్తబడొచ్చు, పడకపోవచ్చు.
ఆర్నెల్లకోసారి స్కాను మానకండి, గడ్డలు చూడాలి."

ఆమె ఇంకేదో వివరించబోయింది.
అక్కర్లేదమ్మా అన్నాను.
తుప్పును గీకి ఆపొచ్చు, నూనె రాయొచ్చు.
అది తిన్న ఇనుము తిరిగి రాదు.
మిగిలిన మందంతోనే షాఫ్టు తిరగాలి,
నెమ్మదిగా, బరువు చూసుకుని.

రెండు సీసాలు పారేశాం.
మూడోదాంట్లో ఇప్పుడు నా సర్‌క్లిప్పులు.
మూత తిప్పినప్పుడల్లా అతను గుర్తొస్తాడు.
ఎడమ కంటి కింద పుట్టుమచ్చ అంటాడు దస్తగిరి,
ఇంకోసారి కుడి అంటాడు.
ఈ చేయి కదులుతోందంటే అతని వల్లే.
ఆ నూట యాభైతో ఏం కొనుక్కున్నాడో.
తనలో ఏముందో తెలియకుండానే
సగం నాకు పంచి వెళ్లినవాడు.

ఇప్పుడు దీనికి మందుందని
అతనికి ఎవరైనా చెప్పారా?

స్కాను రోజున ఆ గేటు దగ్గర
కాసేపు నిలబడతాను.
గోడకు కొత్త రంగు వేశారు, నీడ అక్కడే ఉంది.
వచ్చే పోయే ముసలివాళ్ల
కళ్ల రంగు చూస్తుంటాను.
టోకెన్ నంబరు పిలిచేదాకా.