ఆఖరి తేదీ

మొదటి గురువారం జీతం చీటీ అందుకుని
డింప్నా బ్రెస్లిన్ నా గది తలుపు తట్టలేదు,
నెట్టింది.
రబ్బరు బూట్లనిండా మాకరెల్ పొలుసులు.
చీటీ బల్లమీద పరిచి వేలు పెట్టి చూపించింది:
"ఇదిగో, ఇక్కడ ఏదో కొరికింది."

నిజమే. పన్ను గాటే.
సగానికి సగం కాదుగానీ
కొరికించుకున్నవాళ్ళకి సగంలాగే ఉంటుంది.

కిల్లీబెగ్స్ రేవులో, ఈ చేపల ఫ్యాక్టరీలో
పదకొండేళ్ళుగా జీతాలు లెక్కకడుతున్నాను.
కొత్తగా చేరినవాళ్ళందరికీ ఒకటే పాఠం.
నువ్వు పనిలో చేరావని నాకు తెలుసు,
కత్తికి తెలుసు, చేపకి తెలుసు,
పన్నుల శాఖకి తెలియాలి.
తెలిసేదాకా నువ్వు ఊరూ పేరూ లేని మనిషివి.
అలాంటివాళ్ళ దగ్గర ముందు కోస్తారు,
ఎవరు నువ్వని తర్వాత అడుగుతారు.
దాన్ని ఎమర్జెన్సీ టాక్స్ అంటారు.
సైరన్ మోగదు, మంటలు కనబడవు.

"ఊరూ పేరూ లేకపోవడమేమిటి?
నా నంబరు నిద్రలో అడిగినా చెప్తాను,
ఏడంకెలు, చివర అక్షరం" అందామె.
కంప్యూటర్ తెరిచి చూశాం.
ఆమె పేరు ఉంది.
పేరు కింద ఒక ఉద్యోగమూ ఉంది, మాది కాదు.
ముల్‌హెర్న్ బేకరీ. ప్రస్తుతం కొనసాగుతోంది.

కొనసాగుతోందట!
బేకరీ మూతపడి మూడేళ్ళు.
ఫింటన్ ముల్‌హెర్న్ పోయి రెండేళ్ళు దాటింది.
ఆ కొట్లో ఇప్పుడు కుక్కలకి క్షవరం చేస్తారు.
ఈమె మోకాలికి ఆపరేషన్ అయింది, మంచం దిగింది,
ఊరంతా తిరిగి మళ్ళీ పని వెతుక్కుంది.
ఈమెకి రావలసిన పన్ను రాయితీలు మాత్రం
చల్లారిన పొయ్యి పక్కన పిల్లుల్లా
అక్కడే ముడుచుకుని పడుకున్నాయి.

ఫోన్ చేశాం.
నలభై నిమిషాలు ఫ్లూట్ వాయించారు.
అంతసేపూ డింప్నా చొక్కా చేతిమీది పొలుసులు
ఒక్కొక్కటే గిల్లి నా చెత్తబుట్టలో వేసింది.
చివరికి ఒక కుర్రగొంతు, కార్క్ యాస:
"ఆ ఉద్యోగం ఎప్పుడు మానేశారండీ?"

"నేను మానలేదు."

"అంటే, ఆఖరి తేదీ కావాలి."

ఆమె నావైపు చూసింది.
తేదీ నా దగ్గరేదో ఉన్నట్టు.
తర్వాత ఫోన్‌తోనే చెప్పడం మొదలుపెట్టింది:

"శుక్రవారం ఫింటన్ మా చేతుల్లో కవర్లు పెట్టాడు.
ఇక లేదన్నాడు.
అప్పటికే నేను పిండి కలిపేశాను.
కొట్టు మూసేశామని ఈస్టుకి ఎవరు చెప్తారు?
శనివారం తెల్లవారి నాలుగింటికి వెళ్ళి చూస్తే
తొట్టి అంచు దాటి పొంగి ఉంది.
పొంగిన పిండిని పారబోస్తామా?
అరవై రొట్టెలయ్యాయి.
పడవలవాళ్ళకి పంచేసి వచ్చాను.
నువ్వే చెప్పు నాయనా,
శుక్రవారమా, శనివారమా?"

అవతల కీబోర్డ్ చప్పుడు లేదు.
ఫ్లూట్ కూడా లేదు.

"శనివారానికి కూలి ఇచ్చారాండీ?"

"ఎవరిస్తారు?"

"అయితే... శుక్రవారం వేస్తానండీ."

"వేసుకో."
ఫోన్ పెట్టేశాక నాతో అంది,
కాదు, చెత్తబుట్టతో అంది:
"శనివారం నాది. దానిమీద పన్ను లేదు."

పై వారానికి కోసినదంతా తిరిగొచ్చింది.
డింప్నా నా గదికి రాలేదు.
అద్దంలోంచి చూశాను.
చీటీని చేయి చాచినంత దూరం పట్టుకుని చదివింది,
ఏప్రన్ జేబులో మడిచి పెట్టి
కత్తి అందుకుంది.

నా సంగతీ ఒకటి చెప్పాలి.
చేరినవాళ్ళ తేదీలు ఆ పూటే ఎక్కించేవాణ్ణి,
వెళ్ళిపోయినవాళ్ళవి నెలాఖరుకి,
అదీ తీరికుంటే.
నిన్న ఎత్నా ఆఖరి రోజు, గాల్వే వెళ్ళిపోతోంది.
అయిదింటికి బూట్లు కడిగి అరలో బోర్లించింది.
అయిదూ పదికి తెర తెరిచి, తేదీ కొట్టబోతూ
ఎందుకో ఆగి, పిలిచి అడిగాను,
"రేపుగానీ వస్తావా?"

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.