అడుగున్నర అర

కార్తీకం వెళ్ళాక ఓ సోమవారం
బారువ నుంచి సోంపేటకి
నా కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు సూరాడ డిల్లేశు.
చేతిలో ఓడ పేరు అచ్చేసిన కాగితం,
దాని వెనక పెన్నుతో గీసిన గది.
"మేస్త్రీ, మా ఇల్లు పది పద్దెనిమిది.
ఇలగ కావాల," అన్నాడు.

పదకొండేళ్ళుగా షికారు ఓడలో గదులు సర్దుతాడట.
పొద్దున్న పదహారు, సాయంత్రం మళ్ళీ అవే పదహారు.
మంచం కింద పదమూడు అంగుళాలుండాలి,
అప్పుడే సూట్‌కేసులు పడుకుంటాయి.
రెండు మంచాలు కలిపితే ఒకటి,
దెబ్బలాడుకుంటే మళ్ళీ రెండు.
సోఫా రాత్రికి పరుపవుతుంది.
పిల్లలకి పైకప్పులోంచి మంచం దిగుతుంది.
గోడలన్నీ ఇనుమేనట.
తెలిసిన ముసలమ్మలు అయస్కాంతం కొక్కేలు తెచ్చుకుని
టోపీలూ మందుల సంచీ వేలాడదీస్తారట.
తెలియనివాళ్ళు మొదటిరోజు గది మధ్య నిలబడి
"ఇంతేనా?" అంటారట.
"వారం పోయాక ఆళ్ళే దిగలేక ఏడుస్తారు మేస్త్రీ.
చెయ్యి చాపితే దొరకడవే కదా సుఖం."

తిత్లీకి పడిపోయిన పనస మాను
కోయించి నీడన పేర్చి నాలుగేళ్ళయింది.
ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.
ఇతనికి ఇవ్వాలనిపించింది, ఎందుకో.

అరలకి అంచు కట్టమన్నాడు, అంగుళం ఎత్తు,
సామాను జారకుండా.
"ఇది నేల కదయ్యా, ఊగుతుందా?" అన్నాను.
అతను నవ్వలేదు.
నేను పనస చెక్కల వైపు చూసి ఊరుకున్నాను.
ఆ రాత్రి మా పెంకులు ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదు.
అంచు కట్టాను.

కొలతలకి వెళ్ళినరోజు
అతని భార్య ఊర్వశి కాగితం తిరగేసి, మళ్ళీ తిరగేసి
"ఇందులో రోలేది?" అంది.
"గేసు బండ? మా అయ్య వల?
ఎండుచేపల గంప ఎక్కడెట్టేది?
మీ ఓడోళ్ళు ఏటి తింతారు?"
పదకొండేళ్ళు సముద్రం మీదున్న మనిషి
చేప వాసనకి చోటు గీయలేదు.
తల గోక్కున్నాడు.
ఆమె జానతో గోడ కొలిచింది,
జాన జానకీ చాక్‌పీసు గీత.
నా టేపు నేను జేబులో పెట్టేసుకున్నాను.

సోఫా పోయింది. పైకప్పు మంచం పోయింది.
మంచం కింద పదమూడంగుళాలు మాత్రం ఆమెకి నచ్చాయి,
జీడిపిక్కల బస్తాలకి.

అన్నీ రాసుకున్నాక
తలుపు పక్కన మిగిలిన సందు చూపించాడు.
"ఇక్కడ నాకో అర. అడుగున్నర వెడల్పు. చాలు."
అప్పుడు చెప్పాడు తన గది సంగతి.
నీటిమట్టానికి కిందనట.
ఒకరి మీద ఒకరు ఇద్దరు, మంచానికో తెర.
కిటికీ లేదు. గాలి పైన జల్లెడలోంచి దిగాలి.
"తొమ్మిది నెల్లు నా సామానంతా అడుగున్నర బీరువాలోనే.
ఇంకా చోటు మిగుల్తాది."
ఊర్వశి అతని వైపు చూడలేదు.
చేతికంటిన సుద్ద చీరకి తుడుచుకుంది.

మాఘంలో పని ముగిసింది.
ఫాల్గుణంలో అతను ఓడెక్కాడు.

శ్రావణంలో కబురొచ్చింది,
తలుపు ఉబ్బి పట్టేస్తోందని.
చిత్రిక పట్టుకుని వెళ్ళాను.
అతని అర తలుపే.
లోపల కింద నుంచి పై దాకా ఉల్లిపాయలు,
ఓ మూల మడతపెట్టిన గళ్ళ లుంగీ.
నేనేమీ అడగలేదు.
"ఖాళీ ఉంటే ఎలకలు చేరతాయి బావూ," అంది తనే.
కాసేపాగి,
"లోపల గాలాడక కుళ్ళిపోతన్నాయి.
తలుపుకి కన్నాలెట్టు."

బర్మా తీశాను.
రూపాయంత కన్నం. పసుపు పొడి రాలింది,
ఇన్నేళ్ళయినా పనస వాసన పోలేదు.
ఆమె కన్నానికి అరచెయ్యి అడ్డం పెట్టి
గాలి తగులుతోందేమో చూసింది.
"ఇంకోటి," అంది.