మసూరు గింజ

అన్నాల గది కిటికీలకి నల్ల తెరలు.
ఒక్క వెలుతురు చారిక బయటికి జారినా
పైన దూరదర్శిని కళ్ళు చిట్లిస్తుంది.
తెరల లోపల ఒతీలియా పప్పు ఏరుతోంది,
రాళ్ళు గిన్నెలోకి, గింజలు ఒళ్ళోకి.

"ఈ రాత్రి ఏం చూస్తున్నారు?"
"నీ ఒళ్ళో ఉన్నదే" అన్నాను.
నమ్మలేదు. పైకి రమ్మన్నాను.

తెర మీద, నిజంగానే, మసూరు గింజ.
మధ్యలో ఉబ్బి, అంచుల్లో పలచబడి,
సుడి లేదు, చాచిన చెయ్యి లేదు.
చుట్టూ ఆరు మసకలు.
పట్టికలో దానికి అంకె ఉంది, పేరు లేదు.
ఆ వెలుగు బయల్దేరేనాటికి
మేం నిలబడ్డ ఈ కొండకి
కొండ అయ్యే ఉద్దేశమే లేదు.

వాయువు అడుగంటింది.
కొత్త చుక్క పుట్టి ఎన్ని కోట్ల ఏళ్ళయిందో.
ఉన్నవన్నీ ముసలివే,
తెల్లవారుజామున కుంపట్లో మిగిలిన రంగు.
సాంతియాగో కుర్రాడు బల్తసార్
నివేదికలో "మృతం" అని కొట్టాడు.
మరి ఆ ఆరూ ఎవరిని పట్టుకుని తిరుగుతున్నాయి నాయనా,
అన్నాను. విన్నాడో లేదో.

ఒతీలియా పుట్టింది సురేకారపు ఊళ్ళో.
గని మూశారు. పట్టాలు పీకి తూకానికి అమ్మారు.
ఆ ఊరి ఆసుపత్రిలో ఆఖరున ఏడ్చినవాడు
ఆవిడ తమ్ముడు. వాడికిప్పుడు మోకాళ్ళ నొప్పులు.
అయినా ఏటా నవంబరులో
ఆంతోఫగస్తా నుంచి, కలామా నుంచి,
ఎక్కడెక్కడో పడ్డవాళ్ళు బస్సులు మాట్లాడుకుని వస్తారు.
కప్పు లేని సినిమా హాలు, నీళ్ళు లేని కుళాయి.
ఎవరి వీధిలో వాళ్ళు
మడత కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

"ఏముందని అక్కడికి?" అన్నాడు బల్తసార్.

"మా గుమ్మానికి మా ఎత్తులు గీసి ఉన్నాయి"
అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.
"ఎండకి చెరిగిపోతున్నాయి.
ఏటా ఒకసారి మేకుతో మళ్ళీ గీసుకోవాలి."

కుర్రాడు ఆ మాట చెరిపేశాడు.
బదులు ఏం రాయాలో తెలీక
ఖాళీ వదిలాడు.

రెండింటికి పప్పు తిన్నాం.
నాకో రాయి తగిలింది.
చెప్పలేదు, ఆవిడ ఏరడం ఆపి
మాతో పైకి వచ్చింది కదా.

కిందికెళ్ళే బండికి హెడ్‌లైట్లు వెయ్యకూడదు.
ఒతీలియా చీకట్లోనే దిగిపోయింది.
మేం చివరి బొమ్మ తీశాం, నలభై నిమిషాలది.
బల్తసార్ ఒక మూలకి వేలు పెట్టాడు.
ఏడో మసక.
మిగతావాటికి చాలా ఎడంగా,
ఇప్పుడిప్పుడే మలుపు తిరుగుతున్న బస్సంత.