తప్పు మీద ఒక్క గీత

మంగళవారం పదింటికి మొదటి కంపెనీ కుర్రాడు వచ్చాడు.
హల్ నగరంలో ఆ వేళకింకా హంబర్ నది పొగమంచు
మా ల్యాబు కిటికీకి ఆనుకునే ఉంది.
తెర మీద రంగుల చక్రాలు తిప్పి చూపించాడు:
ఆగినవి ఎరుపు, నడిచేవి పసుపు, ముగిసినవి ఆకుపచ్చ.
"మీ రెండువందల పద్నాలుగు ఫోన్లూ ఒక్క చూపులో" అన్నాడు.
బిస్కట్ల డబ్బా కూడా తెచ్చాడు. బిస్కట్లు బాగున్నాయి.

నాకిచ్చిన పని చిన్నదే.
శుక్రవారంలోగా ముగ్గురిలో ఒకర్ని ఎంచాలి,
అయిదేళ్ల ఒప్పందానికి.
ఇన్నాళ్లూ మాకున్న సాఫ్ట్‌వేరు మోరీన్.
మోరీన్‌కున్నది ఓ అట్ట ఊడిన రిజిస్టరు.

ఏ సంచీ ఏ చేతి నుంచి ఏ చేతికి,
సీలు నంబరు, సంతకం, గంట, నిమిషం.
వస్తువు చెయ్యి మారిన ప్రతిసారీ కాగితం నోరు విప్పాలి.
ఒక్క పూట అది నోరు మూసుకుందా,
కోర్టులో అవతలి లాయరు విప్పుతాడు.

మోరీన్ తప్పు రాయదని కాదు.
రాస్తుంది, ఏడుని ఒకటిగా, మూడుని ఎనిమిదిగా.
అప్పుడు దాని మీద ఒకే ఒక్క గీత,
కింది అంకె కనబడేంత సన్నగా.
పక్కన పొడి అక్షరాలు, తేదీ.
కొత్తగా చేరిన ఇద్రిస్ ఓసారి తెల్లసిరా పూశాడు.
ఆమె తిట్టలేదు. ఆ సీసా పట్టుకెళ్లి
చెత్తబుట్టలో పడేసి వచ్చి అతనికి టీ పెట్టిచ్చింది.
చిట్టాలో చెరిపితే దొంగలెక్క, కొట్టేస్తే దొరలెక్క
అనేవాడు తెనాలిలో మిల్లు గుమాస్తా మా పెదనాన్న.
ఇద్దరూ కలిసుంటే మాటలు రాకపోయినా
పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్లు.

బుధవారం రెండో కంపెనీ ఆవిడ.
దిద్దితే పాతది ఏమవుతుందని అడిగాను.
"లోపలెక్కడో ఉంటుంది, మీ కంటపడి చిరాకు పెట్టదు."
ఎంత సంతోషంగా చెప్పిందో!

ఆమె ఇంకా మాట్లాడుతుండగానే
వస్తువుల గదిలో ఏదో ఫోను మోగింది.
సిగ్నలు చొరని సంచీలో కూడా అలారం మోగుతుంది,
దానికి ఏ టవరూ అక్కర్లేదు.
మూడూ ఇరవై.
దాని సొంతదారుకి పంతొమ్మిదేళ్లు. ఫిబ్రవరిలో పోయాడు.
రిజిస్టరులో ఆ పద్దు పక్కన, అంచులో, పెన్సిలుతో:
'చెల్లెల్ని బడి నుంచి తేవాల్సిన టైమట, తల్లి చెప్పింది.
మంగళవారాలు ఫోన్ చేస్తుంది. ఫొటోలు అడుగుతుంది.
మెల్లగా మాట్లాడండి.'

గురువారం మూడో ఆయన, నలిగిన కోటు.
ప్రదర్శన మధ్యలో రెండుసార్లు తెర బిగుసుకుపోయింది.
రంగులు వెలవెల. వెతికితే నింపాదిగా దొరుకుతుంది.
కానీ ఒక నంబరు దిద్ది చూపించమంటే
పాతది అక్కడే ఉండిపోయింది, మీద సన్నని గీత,
పక్కన పేరు, గంట, నిమిషం.
మోరీన్ కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరికొచ్చింది.
"అంచు ఏదీ?" అంది.
ఆయనకి అర్థం కాలేదు.
"పెన్సిలుతో రాసుకునేందుకు."
వ్యాఖ్యల గడి ఉంది, రెండొందల యాభై అక్షరాలు పడతాయన్నాడు.
ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.
"సరిపోతుందేమో, పొదుపుగా రాస్తే."

శుక్రవారం సాయంత్రం మార్కులు వేశాను,
భద్రత, వేగం, ధర, శిక్షణ.
మొత్తం కూడితే మొదటి కుర్రాడే
రెండు మార్కులు పైన.
వేగం గడిలో అతనికిచ్చిన తొమ్మిదిని
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.
ఆరు చేశాను.

కాగితం మార్చలేదు.
తొమ్మిది మీద ఒక్క గీత,
పక్కన నా పొడి అక్షరాలు, తేదీ.
ఎవరైనా అడిగితే చెబుతాను.