మూడో గడి

రంభలో చేపలాఫీసు గోడవార నా బల్ల.
ఒక కాలు పొట్టి, కింద పెంకుముక్క.
తెలుగులో చెప్పింది ఒడియాలో రాస్తాను,
అర్జీకి ఇరవై.

సూరాడ దానయ్య పడవ లైసెన్సుకి వచ్చాడు.
మూడో గడి: వేట ఎక్కడ?
సాగరమా, హ్రదమా?
ఒకటి ఉంచి ఒకటి కొట్టెయ్యాలి.

"ఏది కొట్టీమంతావు?
పదకొండేళ్ళు ఓడల్లో ఇంజన్లకి నూని పోసినాను.
హాంబర్గులో కాఫీ పోసే ముసిల్ది సెప్పినాది:
జే అంటే సంద్రమూ అదే, సెరువూ అదే.
ఆడదైతే సంద్రం, మగోడైతే సెరువు.
సంద్రానికి ఇంకో మాటుంది, మేర్.
పక్కన హాలెండుకెల్తే ఆ మేరే సెరువైపోతాది,
జే ఒట్టి సంద్రం.
గట్టు దాటి ఇల్లు మార్సుకున్నాయి బాబూ, మాటలు."

నేను నవ్వలేదు.
మా పెద్దత్తని ఇచ్చిన ఊరు బుక్కరాయసముద్రం.
ఉన్నది చెరువే.
తవ్వించినవాడు అలని చూశాడో లేదో.

"మరి ఆ జే ఎక్కడిది?"

"తెలీదంట. ముసిల్దాని మొగుడు నిఘంటువులు కట్టీవోడు,
ఆడికే తెలీదంట. సుట్టాల బాసల్లో లేదంట.
ఆల్లు రాకముందు ఆ ఒడ్డున ఎవుడో
వలేసుకుని ఉంతాడు.
ఆడు పోయాడు, ఆడి పేరు పోయింది,
నీల్లని పిలిసిన పిలుపు ఉండిపోయింది."

బీడీ ఆర్పి, కాసేపు ఊరుకుని,

"ఆత్మ అనే మాట కూడా దాన్లోంచే తీసేరని
కొందరంతారు. కాదని కొందరు."

వాళ్ళ తాత బారువ నుంచి తెప్ప మీద వచ్చాడు.
మనవరాలు చేపని మాఛొ అంటుంది.
మధ్యలో ఈయన, వేలిముద్రకి
బొటనవేలు ముందే సిరాలో ముంచుకుని.

వెనక చిలికా.
శ్రావణంలో కొండవాగులు దిగి తియ్యబడుతుంది,
దోసిట పట్టి తాగొచ్చు.
ఎండలు ముదిరితే మొగలోంచి
ఉప్పు ఎదురెక్కి వస్తుంది,
రొయ్య రంగు మారుతుంది,
ముసిల్దాని లెక్కన మగాడు ఆడదవుతాడు.
ఈ సంగతి ఫారం అచ్చేసినవాడికి
ఎవరూ రాసినట్టు లేదు.

నా కలం గడి మీదే ఆగి ఉంది.
సిరా చుక్క లావవుతోంది.

"ఇయ్యాల తారీకెంత?" అన్నాడు.

మే ఇరవై రెండు.

"అయితే సెరువు కొట్టీ.
ఆగస్టులో మల్లొస్తాను, సంద్రం కొడుదువు."

ఇరవై నోటు ఇచ్చాడు.
ఎప్పుడో తడిసి ఎండింది,
మడతల్లో ఉప్పు.