పగడాల పళ్లెం ముందు ఏనుగ

మంగళవారం. కుజుడి పగడాలకు గిరాకీ.
ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సందులో
మెట్టు మీద కుచ్చోని
నూటెనిమిది పగడాల దండ గుచ్చతాండా.
తొంభైమూడోదానికి దారం దూరే పొద్దుకు
ఉన్నట్టుండి నీడ పడినాది.
తలెత్తితే ఏనుగ.

ఏ ఊరిదో. మావటోనికి మన మాట రాదు.
నుదుట సుద్ద నామం సగం చెరిగిపోయిండాది.
అంగడంగడికీ తొండం చాచి
పది రూపాయల నోటు పైకందిస్తాంది.
నా పళ్లెం కాడ నిలబడి
ఒక్క ఊపిరి ఇడిసినాది.
అంతే.
పదైదు పగడాలు మెట్లు దిగి
కాలవ దిక్కు ఉరికినాయి.

"తొక్కితే పిండైపోతాయి, ఏరు!" అని
సంగమేశ్వర శెట్టి గల్లాపెట్టె కాడనుంచే అరుపు.

ఏనుగ కాళ్ల మధ్య గొంతుకూచోని ఏరతాండా.
ఇంత ఎత్తు మనిషి నేను,
దాని మోకాటికి వస్తా.

ఇది ఎముకలు లోపల దాచుకొని పుట్టినాది.
నా పిడికిట్లోది
ఎముకను బయట కట్టుకుంటా పోయినాది,
చచ్చినోళ్ల మీదనే బతికుండేటోళ్లకు ఇంకో గది.
మా అబ్బ హుసేనయ్య చెప్పేటోడు:
ఆవగింజంత నోర్లు, వేలకు వేలు,
అన్నిటికీ ఒకటే కొమ్మ. యాడికీ పోదు.
సముద్రమే బువ్వ తెచ్చి నోట్లో పెడతాదంట.
అబ్బ సముద్రం చూసినోడు కాదు. నేనూ చూల్లేదు.
ఏనుగకుండేది ఒకటే నోరు.
దాని కోసరం
ఎన్ని ఊర్ల తారురోడ్డు నడిచొచ్చిందో.

పగడాన్ని తూచేటప్పుడు
శెట్టి ఫ్యాను ఆపుతాడు, ఊపిరి బిగబడతాడు.
ఏనుగను తూయాలంటే పడవ కావాలంటారు.
పెన్నలో పడవ మునిగేంత నీళ్లు
నాకు తెలిసి రెండు తూర్లో, మూడు తూర్లో.

ఏనుగ చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు.
పగడానికి ఆ మాట కుదరదు.
బతికున్న పగడాన్ని నేనింతవరకూ ముట్టలేదు.
మా సందులో దాని బతుకంతా
చచ్చినాకనే మొదలు.

పద్నాలుగు దొరికినాయి.
ఇంకొకటి?
ముందరి కాలి గోటి పక్కన ఎర్రగా తళుక్కుమనింది.
దొరికె అనుకొని ఏలు పెడితే
మెత్తగా తగిలినాది. తడి.
గోరు పగిలి పుండైండాది.
ఏనుగ కాలు లాక్కోలేదు.
చెవి మాత్రం ఒక తూరి ఆడించినాది.

మావటోడు కేకేసినాడు.
జమ్మలమడుగు రోడ్డు పట్టి గంట చప్పుడు పోయినాది,
ఒక కాలు కొంచెం తేలిగ్గా ఏసుకుంటా.

పోయిన పగడాన్ని నా కూలిలో పట్టుకున్నాడు శెట్టి.
ఇంకో డబ్బీలోనుంచి బొక్క పడినదాన్ని తీసిచ్చి
"కొక్కెం పక్కన గుచ్చు,
మెడ ఎనకాల ఎవరు చూస్తారు" అన్నాడు.

గుచ్చినా.
అది పురుగు బొక్కో,
ఒకప్పటి నోరో
నాకు తెలీదు.
ఏలికంటిన ఎరుపు తుడుచుకోకుండానే
ముడేసినా.