దూల

రిజిస్ట్రేషన్ రోజున మర్రెడ్డి ఒక్క మాటే చెప్పాడు:
"ఉత్తరపు గట్టు దిక్కు మటుకు పోమాకమ్మా."
ఎందుకని అడగలేదు.
ఇరవై ఆరేళ్లు నరసరావుపేట బస్సులో టికెట్లు కొట్టినదాన్ని,
నా ముప్పై సెంట్లలో నేను తిరగడానికి
ఒకరి పర్మిషనా?

మాఘమాసం. కొండవీటి కొండ మీంచి గాలి దిగుతోంది.
ముళ్లకంపనీ, తుమ్మ మొక్కల్నీ, ఒరిగిన కరెంటు స్తంభాన్నీ
ఒకే దుప్పటి కింద పడుకోబెట్టిన తీగ.
గుత్తులు గుత్తులుగా కాయలు,
ఒంటి నిండా బంగారు నూగు,
కళ్లు తెరవని పిల్లికూనల్లా.
ముద్దొచ్చి చెయ్యి చాపాను.

బోరు దగ్గరికి పరుగెత్తి నీళ్లు పోసుకున్నాను.
తప్పు.
చేతి నుంచి మెడకి, మెడ నుంచి వీపుకి
టికెట్ లేకుండా ప్రయాణం చేసింది దూలగొండి.

మేకల బాలశౌరి నవ్వు మింగుకుని పేడ తెచ్చాడు.
"గోకమాక. పూసుకో. ఎండనీ.
ఎండి ఊడేటప్పుడు నూగుని తనే పట్టుకుపోతది."
ఎండేదాకా సీతాఫలం చెట్టు కింద
గోడ మీద పిడకలా కదలకుండా కూర్చున్నాను.
దూల తీరడం అంటే ఏమిటో
అరవయ్యో ఏట తెలిసింది.

కాల్చేద్దామన్నాను.
"పొగెక్కి ఊళ్లో పడిందంటే
చర్చిలో ఫాదరు కూడా గోక్కుంటాడు," అన్నాడు.
దానికో వేళ ఉందట.
తెల్లారుజామున, మంచుకి నూగు తడిసి
గాలికి లేవలేనప్పుడు.
అసలైతే భాద్రపదంలో, పూతకి ముందే నరకాలట.
ఈ ఏటికి ఆలస్యమైంది, ఇక మంచే దిక్కు.

ట్రంకుపెట్టెలోంచి ఖాకీ చొక్కా తీశాను.
కాళ్లకి యూరియా బస్తాలు, మొహానికి తువ్వాలు.
పదకొండు తెల్లారుజాములు.
కొడవలితో కోసి, పంగలకర్రతో లాగి,
నడుం లోతు గుంటలో వేసి మట్టి కప్పాం.
ఒక బస్తా కాయలు మాత్రం బాలశౌరి పక్కన పెట్టుకున్నాడు.
గుంటూరు పట్నంబజార్లో గింజలు కొంటారట,
మగాళ్ల మందుకి.
"ఊరికే పోయేది ఏదీ లేదమ్మా," అని కన్ను గీటాడు.

చివరి వేరు కింద గడ్డపార ఖంగుమంది.
సర్వే రాయి.
నా గట్టు అనుకున్నచోటికి
నాలుగడుగులు ఇవతల.

అప్పుడు చెప్పాడు బాలశౌరి, మేకల వైపు చూస్తూ.
తమ్ముడు ఇన్నారెడ్డి అడుగు పెట్టకుండా
మర్రెడ్డి పెళ్లాం శౌరమ్మ చల్లిందట పిడికెడు గింజలు,
ఎనిమిదేళ్ల కిందట, తొలకరి పడ్డ రాత్రి.
తీగ పాకింది. రాయి మునిగింది.
ఎవరి కొలతా తీగ దాకే వచ్చి ఆగింది.
"అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకులే,"
అని మేకల్ని తోలుకుపోయాడు.
కంద నేనో, కత్తిపీట నేనో చెప్పలేదు.

చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసిచ్చేదాన్ని:
రెండు, ఐదు, పదకొండు.
దిగేటప్పుడు తీసుకోండి అనేదాన్ని.
కొందరు మరిచిపోయి దిగేవాళ్లు.
అందర్నీ కేకేసి పిలిచానా?
ఫిరంగిపురం స్టేజీలో ఒక ముసలామె,
తలమీద చేపల గంప,
పద్దెనిమిది రూపాయలు.
బస్సు కదిలిపోయింది. నేనే రైట్ అన్నాను.

పేడ కడిగేసి పది రోజులైంది. ఒంటి మీద దద్దు లేదు.
రాత్రిళ్లు చెయ్యి మాత్రం
వీపు మీద ఏదో వెతుకుతోంది.

ఇవాళ పొద్దున ఇన్నారెడ్డి కనిపించాడు.
చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుని,
ఖాళీ నేల మీద, తన నేల మీదే,
ఒక్కో అడుగూ భయంభయంగా వేస్తున్నాడు.
రాయి మీద నేను గడ్డి కప్పి ఉంచాను.
పిలుద్దామని నోరు తెరిచాను.

గొంతులో ఎక్కడో
ఒక్క నూగు.